అత్త తమిళం మరిచిపోయిన ఏడాది

మా అత్త తమిళం మరిచిపోతోందని మొట్టమొదట కనిపెట్టినవాడు తిరువళ్లూరు పక్క మణవాళనగర్‌లో మా వీధికి వచ్చే కూరగాయల బండాయన. అందరం ముఖాలకు మాస్కులు కట్టుకుని తిరుగుతున్న రోజులవి. అత్త వంగి టమాటాలు ఏరుకుంటోంది. ఆయన మాస్కు లోపలి నుంచి "పావక్కాయ్ ఇరుక్కు, వేణుమా?" అని అడిగాడు. కాకరకాయలున్నాయి, కావాలా అని. అత్త "ఆమా ఆమా, పోడు", అవునవును వెయ్యి, అని సంచి ముందుకు పెట్టింది. ఇంటికొచ్చి సంచి దులిపితే నిండా కాకరకాయలు. ఆమెకు వినబడింది వాళక్కాయ్, అంటే అరటికాయ. కాకరను ఆమె జన్మలో నోట పెట్టింది లేదు.

మరునాడు బండాయన నన్ను పక్కకు పిలిచి, "మీ అత్తగారికి ఏమైందమ్మా? మొన్నటిదాకా నాతో బేరమాడి ఏడిపించేది. ఇప్పుడు ఏది చెప్పినా ఆమా ఆమా అంటోంది" అని అడిగాడు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, దిగులే ఉంది.

మా అత్త పుట్టింది అత్తిమంజేరిపేటలో, మగ్గాల ఇంట్లో. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదివిన నాలుగు తరగతులూ తమిళంలోనే చదివింది. పెళ్లయ్యాక కూడా అదే ఊళ్లో చాలా ఏళ్లు పవర్ మగ్గాలు నడిపి, మా ఆయనకు తిరువళ్లూరులో ఉద్యోగం కుదిరాక ఇక్కడికి వచ్చేసింది. ఆమె తమిళం నా తమిళం కన్నా జోరుగా ఉండేది. ఎవరితోనైనా తగాదా వస్తే తెలుగు పక్కన పెట్టి తమిళం అందుకునేది. ఆ భాషలో తిడితే మనసుకు హాయిగా ఉంటుందనేది. అలాంటి మనిషి ఆ ఏడాది బ్యాంకులో అద్దం వెనక, మాస్కు వెనక కూర్చున్న అమ్మాయి ఏదో అడుగుతుంటే జవాబు చెప్పలేక, నవ్వు ముఖం పెట్టుకుని నిలబడింది. రేషన్ షాపులో వరస తప్పింది. మందుల కొట్లో ఏదో అడిగి మరేదో తెచ్చుకుంది. ఇంటికి రాగానే మాత్రం మాతో తెలుగులో ఎప్పటిలాగే గలగలా మాట్లాడేది.

ఒకరోజు మధ్యాహ్నం మా ఆయనతో తనే చెప్పింది.

"అబ్బయ్యా, అరవం నన్ను ఇడిసిపెట్టి పోతా ఉండాది. ఎవురేం చెప్పినా తలకెక్కడం లేదు."

"వయసు కదమ్మా. అదంతా సహజం" అని ఆయన ఆమెకు ధైర్యం చెప్పి, నా దగ్గరికొచ్చి వేరే మాట చెప్పాడు. మతిమరుపు జబ్బు మొదలయ్యేటప్పుడు ఇలాగే ఉంటుందట, ఫోనులో చూశాడట. ఒక భాష ముందు పోతుందట, రెండోది తరవాత పోతుందట. అన్నీ పోయాక కొడుకును కూడా గుర్తుపట్టరట. ఆయన ముఖం చూస్తే రేపో ఎల్లుండో అత్త తనను గుర్తుపట్టదన్నట్టే ఉంది.

నాకు ఒక్క విషయం పొసగలేదు. సాయంత్రం టీవీలో తమిళ సీరియళ్లు వరసబెట్టి చూసేది అత్తే. ఏ కోడలు ఎవరితో ఏమందో మాట పొల్లుపోకుండా నాకు వంటింట్లోకి వచ్చి చెప్పేది కూడా ఆమే. భాష పోయినవాళ్లకు సీరియల్ ఎలా అర్థమవుతుంది? మా ఆయనను అడిగితే, "సీరియల్‌కు భాష యాల? ముఖం చూస్తే చాలదా?" అన్నాడు. అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. ఇద్దరం దాని మీదుగా నడిచి వెళ్లిపోయాం.

ఆ వారమే మా ఆయనకు దగ్గు పట్టుకుంది. పరీక్ష చేయిస్తే భయపడాల్సింది ఏమీ లేదన్నారు గాని, అమ్మ ఉన్న ఇల్లు కదా అని ఆయన పడకగదిలో ఉండిపోయి, మాస్కు కట్టుకుని గుమ్మం దాకా మాత్రమే వచ్చేవాడు. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, "అమ్మా, చారు ఉంటే కొంచెం కాచి ఇయ్యి" అన్నాడు. అత్త కాసేపు ఆయన్నే చూసింది. తరవాత నావైపు తిరిగి, కొంచెం కోపంగా అడిగింది.

"ఈడేంది అమ్మణ్ణీ, ఇంట్లో నాతో గూడా అరవం మాట్లాడతా ఉండాడు?"

నేను పడీ పడీ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. "అమ్మా, నేను తెలుగే మాట్లాడతా ఉండా" అన్నాడు మాస్కులోంచి. "చూడు, మళ్లీ అరవమే" అంది అత్త. అప్పటికి నా నవ్వు ఆగిపోయింది. "మీరు ఆ మూలకు పోయి, కిటికీ తెరిచి, మాస్కు తీసి అదే మాట చెప్పండి" అన్నాను. ఆయన వెళ్లి, అంత దూరం నుంచి, గొంతు కూడా పెంచకుండా చారు సంగతి చెప్పాడు. అత్త, "అట్ల తెలుగులో అడగచ్చు కదరా" అని లేచి వంటింట్లోకి వెళ్లింది.

నేను ఆమె వెనకే వెళ్లి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, "అత్తా, చారులో మిరియాలు వేసినారా?" అని అడిగాను. ఆమె గరిటె పట్టుకుని నా కళ్లల్లోకి చూసింది. తువ్వాలు తీసి అడిగాను. "యేసినా" అంది. మళ్లీ తువ్వాలు పెట్టుకుని మరో ప్రశ్న వేశాను. ఆమె గరిటె పక్కన పెట్టేసి, "నీకేం పని లేదా?" అంది. అది మాత్రం నాకు బాగా అర్థమైంది.

మా ఆయన దగ్గు తగ్గాక ముగ్గురం తిరువళ్లూరులో చెవి పరీక్ష చేసేచోటికి వెళ్లాం. గోడలకు మెత్తలు తాపిన చిన్న గది, దానికో అద్దం కిటికీ. పరీక్ష చేసే అమ్మాయి తమిళ పిల్ల, చాలా చిన్న వయసు, మాస్కు బదులు ముఖానికి ప్లాస్టిక్ అద్దం తగిలించుకుంది. ఆమె అత్తను "పాట్టీ" అని, అంటే అవ్వా అని పిలిచి, లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. అత్త శ్రద్ధగా నొక్కింది. ఆ తరవాత ఆ పిల్ల ఒక అట్టముక్కను తన ముఖానికి అడ్డం పెట్టుకుని తమిళ మాటలు ఒక్కొక్కటే చెప్పింది. విన్నది విన్నట్టు తిరిగి చెప్పడం అత్త పని. పిల్ల "కాల్" అంటే అత్త "పాల్" అంది. పన్ను అనే అర్థంలో "పల్" అంటే, రాయి అనే "కల్" చెప్పింది. పంటికి రాయి తగిలినట్టయింది మా పని.

పిల్ల మావైపు తిరిగి ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. తెలుగన్నాం. "అయితే తెలుగులో కూడా చూడాలి. లేకపోతే తప్పు చెవిదో, భాషదో నాకు తెలియదు. నాకు తెలుగు రాదు. మీరే చెప్పండక్కా, కాని ముఖం కనబడకూడదు" అంది.

అట్ట నా చేతికిచ్చి, మైకు నా ముందుకు జరిపింది. అప్పటికప్పుడు మాటలు చెప్పమంటే నాకేం తోచలేదు. పొద్దున వంటింట్లో ఉన్నదే నోటికొచ్చింది.

"పాలు" అన్నాను.

"ఆలు" అంది అత్త, అద్దం అవతలి నుంచి.

"కాలు."

"ఆలు."

"చాలు."

"మళ్లా అదే ఆలేనా? నేను చెప్తానే ఉండా కదా, ఆలు, ఆలు అని!" అని విసుక్కుంది అత్త. "ఒకే మాట ఎన్నితూర్లు అడగతావు? ఆలంటే పెండ్లాం. అయిందా?"

ఆ పిల్లకు తెలుగు రాకపోయినా నవ్వొచ్చింది. అట్ట దించమని నాకు సైగ చేసింది. మాస్కు కూడా తీసి, ముఖం కనబడేలా మళ్లీ చెప్పాను. ఈసారి "పాలు" అత్తకు పాలుగానే అందింది. కాలు, చాలు మాత్రం తడబడింది. పెదవులు కలిసే అక్షరమైతే బయటికి కనబడుతుంది, 'క' పలికేది గొంతు దగ్గర కాబట్టి ఎవరికీ కనబడదని ఆ పిల్ల చెప్పింది. "ఆవు పాలు" అన్నాను, "కాలు నొప్పి" అన్నాను. పక్క మాట తోడొచ్చేసరికి అన్నీ సరిగ్గా చెప్పేసింది.

అప్పుడా పిల్ల మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. పాట్టికి మాటల్లోని అచ్చులు బాగా వినబడుతున్నాయి, అవి బలమైన ధ్వనులు. పోయినవి క, చ, త, ప, స లాంటి సన్నటి ధ్వనులు. వాటిని ఆమె ఎన్నో ఏళ్లుగా ఎదుటివాళ్ల పెదవుల మీద చూసుకుంటోంది. చూసి కూడా దొరకనివి సందర్భాన్ని బట్టి పూరించుకుంటోంది. ఇదంతా తెలిసి చేస్తున్నది కాదు. తను వింటున్నానే అనుకుంటోంది. లోకమంతా నోరు మూసుకునేసరికి సగం మాట మాయమైంది. ఇంట్లో మాస్కులు లేవు కాబట్టి తెలుగు నిలిచింది, బయట ఉన్నాయి కాబట్టి తమిళం పోయింది.

"ఎక్కడైనా పెద్ద చప్పుళ్లలో పని చేశారా?" అని అడిగింది.

"సత్తమా?" అని, చప్పుడా అన్నట్టు నవ్వింది అత్త. "పవర్ మగ్గం పాపా. ఒకటి రెండు కాదు, నడింట్లోనే ఉండె అన్నీ."

నేను కొత్త కోడలిగా అత్తిమంజేరిపేటలో అడుగుపెట్టిన రోజు గుర్తొచ్చింది. మాదీ మగ్గాల కులమే. కాని మా నాయన తిరుత్తణిలో జౌళి కొట్టు పెట్టుకున్నందువల్ల చీరల మడతలు తప్ప మగ్గం మోత నాకు తెలియదు. ఆ షెడ్డులోకి వెళ్లగానే చెవులు మూసుకున్నాను. ఆ హోరులో అత్తా, వాళ్ల అక్కా చెరో మూలన నిలబడి, నోళ్లు కదుపుతూ, తలలూపుతూ, మధ్యలో పకపకా నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క మాట వినబడలేదు. నా గురించే నవ్వుకుంటున్నారేమోనని ఆ రోజంతా మొహం ముడుచుకుని తిరిగాను. ఏ మాట పెదవి మీద ఎలా ఉంటుందో ఆమె కళ్లు నేర్చుకున్న చోటు అదన్నమాట.

మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. తల్లికి చెముడని తేలినందుకు బాధ. అత్త మాత్రం ముందుకు వంగి, ఆ పిల్ల పెదవులే చూస్తూ అడిగింది.

"అట్లయితే నా మతి బాగుండాదా పాపా?"

"మతికేం కాలేదు పాట్టీ. చెవి ఒక్కటే."

"చెవుడేనా? సత్యంగా?"

"సత్యంగా."

చెముడుందని చెప్తే అంత సంతోషపడిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. తిరిగొస్తూ దారిలో ఆటో ఆపించి మా ఇద్దరికీ చెరకురసం తాగించింది. మా వీధిలోకి రాగానే పక్కింటామెను పిలిచి, "నాకు చెవుడంట! మతి బాగుండాదంట!" అని తమిళంలో గట్టిగా చెప్పింది. ఆ తమిళం ఎక్కడికీ పోలేదు. మరునాడు బండాయన దగ్గరికి వెళ్లి, మాస్కు కిందికి దించి మాట్లాడమని, లేకపోతే బేరం లేదని తేల్చి చెప్పింది. ఆయన రెండడుగులు వెనక్కి జరిగి, మాస్కు దించి, ఆమె చేత చీవాట్లు తిన్నాడు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి.

కొన్నాళ్లకు చెవి మిషన్ వచ్చింది. మిషన్ పెట్టుకోగానే అన్నీ సర్దుకుంటాయని మేమనుకున్నాం. అత్త మొదటిరోజే దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంట్లో ఇన్ని సప్పుళ్లు యాడ ఉండినాయే? ఫ్యాను కొట్టుకుంటా ఉండాది. ప్లాస్టిక్ కవరు పట్టుకుంటే టపాకాయలు కాల్చినట్టుండాది. అప్పళం కొరికితే నా తలకాయే ఇరిగినట్టుండాది."

"సరే సరే, మెల్లగా అలవాటవుతాది అత్తా" అన్నాను.

"నువ్వేంది, మాట్లాడతా మాట్లాడతా ఈలేస్తా ఉండావు?" అంది.

'స' అనే అక్షరం ఆమె చెవికి అన్నేళ్ల తరవాత వచ్చింది. గుర్తుపట్టలేక ఈల అనుకుంది.

పరీక్ష చేసిన పిల్లకు ఫోను చేస్తే, మిషన్ శబ్దాన్ని లోపలికి పంపుతుంది గాని అది ఏ అక్షరమో మనసు మళ్లీ నేర్చుకోవాలంది. రోజూ ఎవరైనా వెనక కూర్చుని మాటలు చెప్పాలి, పాట్టి చూడకుండా విని తిరిగి చెప్పాలి. ఆ పని నాకు పడింది. ఆవడిలో ఆఫీసు నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చి, కాఫీ తాగి, వాకిట్లో అత్త వెనక కూర్చునేదాన్ని. ఆమె గోడవైపు తిరిగి మునగాకు దూసుకుంటూ వినేది.

మొదట్లో ఒంటి మాటలు చెప్పాను. పాలు, కాలు, తాలు. రెండు మూడు రోజులకే ఆమెకు విసుగొచ్చింది. "ఎప్పుడు చూసినా పాలు, కాలు. ఏమన్నా సమాచారం చెప్పు" అంది. దాంతో వీధి కబుర్లు మొదలుపెట్టాను. ఎదురింటివాళ్ల మిద్దె పని, ట్రైన్‌లో ఇద్దరు ఆడవాళ్లు కిటికీ సీటు కోసం తగాదా పడి స్టేషన్ దాటిపోవడం, మా ఆఫీసులో క్యాంటీన్ సాంబారు. వాటిని ఆమె వాక్యం వాక్యం తిరిగి చెప్పేది. ఎక్కడ తప్పు విన్నా కబురు ఇంకా రుచిగా తయారయ్యేది. ఎదురింటివాళ్లు మిద్దె కడతా ఉండారంటే బిడ్డను కట్టేస్తా ఉండారని విని, "పాపం, యాల కట్టేసినారు?" అని అడిగింది. వెనక కూర్చుని నవ్వాపుకోలేకపోయేదాన్ని. నెమ్మదిగా తప్పులు తగ్గాయి. ఈలలు పోయి 'స' నిలబడింది.

మా పెళ్లయి అప్పటికి చాలా ఏళ్లే అయినా, అత్తా నేనూ అంతసేపు అలా కూర్చుని మాట్లాడింది లేదు. ఆమె నన్ను ఏనాడూ కష్టపెట్టలేదు, నేనూ ఆమెను పెట్టలేదు. కాని మా మధ్య ఎప్పుడూ పని మాటలే నడిచేవి. ఆమె ఎదుటి ముఖాన్ని గుచ్చి గుచ్చి చూసేది. తప్పు వెతుకుతోందనుకుని నేను రెండు ముక్కల్లో ముగించి తప్పుకునేదాన్ని. మాట పట్టుకోవడానికే అలా చూసేదని ఇప్పుడు తెలిసింది. వెనక కూర్చుంటే ఆ చూపు ఉండదు. ఎదురుగా చెప్పలేని మాట వీపుకు చెప్పడం తేలిక.

ఒక సాయంత్రం అలాగే చెప్పేశాను. ముందుగా అనుకున్నదేమీ లేదు.

"ఆఫీసులో నాకు ప్రమోషన్ ఇస్తామంటా ఉండారు."

"ఆఫీసులో నీకు ప్రమోషన్ ఇస్తామంటా ఉండారు" అంది అత్త, ఆకు దూస్తూ.

"నేను వద్దనుకుంటా ఉండా."

"నువ్వు ముద్దనుకుంటా ఉండావు."

"ముద్ద కాదత్తా. వద్దు, వద్దు."

"వద్దా?" చేతులు ఆగాయి. వెనక్కి తిరగబోయింది.

"తిరగొద్దత్తా. అట్లనే ఉండండి" అన్నాను. ఆమె గోడవైపే ఉండిపోయింది. "ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దుపోతాది."

"ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దుపోతాది."

"వంట ఆలస్యమవుతాది."

"వంట ఆలస్యమవుతాది."

"మీ కొడుక్కు టిఫిన్ చేసిపెట్టేవాళ్లు ఉండరు."

"నా కొడుక్కు టిఫిన్ చేసిపెట్టేవాళ్లు..." అని ఆగింది. నా కారణాలు నా మనసులో తిరుగుతున్నంతకాలం చాలా పెద్దవిగా ఉండేవి. ఆమె గొంతులో, పాఠంలా ఒక్కొక్కటే బయటికొస్తుంటే నాకే చిన్నగా వినబడ్డాయి.

"అమ్మణ్ణీ, ఇది పాఠమా, నిజమా?"

"నిజమే అత్తా."

ఆమె అప్పుడు తిరిగింది. నా ముఖం చూసింది.

"మిషను నా చెవికి పెట్టినారు, చేతులకు పెట్టలేదే. దోసె పోయడం నాకు రాదా? ఈడికి నీ కన్నా ముందు పోసింది ఎవురు? ఇన్ని దినాలుగా ఎందుకు చెప్పలే?"

"మీరేమనుకుంటారో అని."

"ఏమనుకుంటా? నేను మగ్గాలు నడిపినప్పుడు ఇంట్లో కూడు ఎవురు వండినారనుకున్నావు? మీ మామ. ఉప్పెక్కువ ఏసేవాడు. తినినాము, బతికినాము. రేపు పోయి సరే అని చెప్పు."

మా ఆయన వచ్చాక ఆమే చెప్పింది. ఆయన నన్ను చూసి, "నాకు చెప్పకుండా మా అమ్మకు ముందు చెప్పినావా?" అన్నాడు. కొంచెం నొచ్చుకున్నాడు, తరవాత గర్వపడ్డాడు. దోసె పోయడం మాత్రం ఆయనకు ఇంకా చేతకాలేదు.

నేను ప్రమోషన్ తీసుకున్నాను. మొదటి నెలలు బాగా ఇబ్బంది పడ్డాను, తరవాత కుదురుకుంది. సాయంత్రం పాఠాలకు వీలు లేకపోయింది. అప్పటికి అత్తకు వాటి అవసరమూ పెద్దగా లేదు. మిషన్ ఇంట్లో పెట్టుకుంటుంది, బజారులో తీసేస్తుంది. జనంలో తన కళ్లే మేలంటుంది. పాఠం ఆదివారానికి మారింది.

ఆ మధ్య ఒక ఆదివారం, "ఈరోజు నువ్వు ముందు కూర్చో. నేను ఎనక కూర్చుంటా" అంది. తలకు నూనె పెడుతుందనుకున్నాను. నిజంగానే నూనె గిన్నె తెచ్చుకుంది. నా జడ విప్పి, నడినెత్తిన నూనె అద్దింది. తరవాత మొదలుపెట్టింది.

"ఆ ఏడాది, అరవం పోయిందనుకున్నాము సూడు... మీరిద్దరూ పన్లోకి పోయినాక నేను వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి అరవం మాటలు చెప్పుకుంటా ఉంటిని. ఉప్పు, చింతపండుకు పులి, మిరపకాయకు మిళగా, బియ్యానికి అరిసి... ఒక్కొక్క డబ్బా ముట్టుకుని దాని పేరు చెప్తా ఉంటిని. అన్నీ వస్తా ఉండె. ఒక్కటీ తప్పలే. అన్నీ వస్తా ఉంటే, ఈదిలో మాత్రం ఏమీ తెలియడం లేదే, నాకు పిచ్చి పడతా ఉందేమో అని బయం. ఎవురికీ చెప్పలే. మీరు ఇంటికి వచ్చే సరికి ముఖం కడుక్కుని కూర్చుంటా ఉంటిని."

వంటింట్లో డబ్బా తరవాత డబ్బా ముట్టుకుంటూ నిలబడిన ఆమె కళ్లకు కట్టింది.

"విన్నావా?" అంది.

"విన్నానత్తా."

"అయితే తిరిగి చెప్పు. నేను చెప్పినాను కదా అన్నేసి దినాలు."

మొదలుపెట్టాను. ఉప్పు, పులి దాకా వచ్చి ఆగిపోయాను. ఆమె తొందరపెట్టలేదు. తల పట్టి తిన్నగా ఉంచి, రెండో పాయ తీసుకుని చిక్కు విడదీస్తూ, నా కోసం తనే "మిళగా" అని అందించింది.